జీతం కాదు, ఎవరి పక్కన కూర్చుంటామన్నదే లెక్క

2020 నవంబరులో గ్లాండ్ ఫార్మా రూ.6,480 కోట్ల ఐపీఓతో (జనానికి తొలిసారి షేర్లు అమ్మడం) మార్కెట్‌కు వచ్చింది. దుండిగల్‌లో, పాశమైలారంలో, విశాఖలో ఇంజెక్షన్లు తయారుచేసే మన హైదరాబాద్ కంపెనీ. మరుసటి ఏడాది కిమ్స్ ఆసుపత్రుల ఐపీఓ వచ్చింది. అదీ ఇక్కడిదే. ఫ్యాక్టరీ మనది, ఆసుపత్రి మనది. కానీ ఇలాంటి ఇష్యూలకు ధర కట్టే మర్చంట్ బ్యాంకర్లు, పత్రాలు రాసే లాయర్లు, పెద్ద మొత్తాలు పెట్టే మ్యూచువల్ ఫండ్లు, అనుమతినిచ్చే నియంత్రణ సంస్థ సెబీ, షేరు లిస్టయ్యే ఎక్స్ఛేంజీలు చాలావరకు ముంబైలోనే ఉన్నాయి. మిర్చి పల్నాడులో పండినా ఖమ్మంలో పండినా ధర కోసం గుంటూరు యార్డు వైపు చూసినట్టే ఇదీ.

కంపెనీలకు ఐపీఓలు, కొనుగోళ్లు, అమ్మకాల డీల్స్ కుదిర్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో చేరి, ముంబైకి మారాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తెలుగు పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఈ యార్డు సంగతే. ఇళ్లలో చర్చ మాత్రం జీతం చుట్టూనే తిరుగుతుంది. ‘ఇక్కడ ఇంత ఇస్తున్నారు, అక్కడ అంత ఇస్తారట, అద్దె పోను ఏం మిగులుతుంది?’ లెక్క తప్పేమీ కాదు. కాకపోతే అది రెండో లెక్క.

హైదరాబాద్‌కూ ఒకప్పుడు సొంత స్టాక్ ఎక్స్ఛేంజీ ఉండేది. 1943లో పుట్టి, 2007లో గుర్తింపు కోల్పోయింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ) 1994లో కంప్యూటర్ తెర మీద ట్రేడింగ్ మొదలుపెట్టాక షేరు కొనడానికి ఏ ఊళ్లో ఉన్నా ఒకటే అయింది. ఆ దెబ్బకు ప్రాంతీయ ఎక్స్ఛేంజీలు నిలవలేదు. ట్రేడింగ్‌ను ప్రతి ఊరికీ తెచ్చిన కంప్యూటర్ డీల్స్ కుదిర్చే మనుషుల్ని మాత్రం చెదరగొట్టలేకపోయింది. వాళ్లు ఇంకా ఒకచోటే, బాంద్రా కుర్లా కాంప్లెక్స్ నుంచి లోయర్ పరేల్, ఫోర్ట్ దాకా ఉన్న ఆ కొద్ది మైళ్లలోనే ఉన్నారు.

గోల్డ్‌మన్ శాక్స్ 2021లో హైదరాబాద్‌లో కార్యాలయం తెరిచింది. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో అప్పటికే ఇక్కడ పెద్ద ఎత్తున పనిచేస్తున్నాయి. అక్కడి పనిని చిన్నచూపు చూడటం అన్యాయం. రిస్క్, టెక్నాలజీ, డేటా వైపు మనసున్నవాళ్లు హైదరాబాద్ వదలాల్సిన అవసరమే లేదని నా అభిప్రాయం. అయితే డీల్స్ చేయాలనుకునేవాళ్ల సంగతి వేరు. న్యూయార్క్ బ్యాంకర్‌కు గచ్చిబౌలి నుంచి కంపెనీ విలువ లెక్కగట్టే వాల్యుయేషన్ మోడల్ కట్టి పంపే అమ్మాయికి ఎక్సెల్ అద్భుతంగా వస్తుంది. ఆ మోడల్ చూశాక కంపెనీ యజమాని (ప్రమోటర్) ఏ అంకె దగ్గర ముఖం ముడుచుకున్నాడో, డబ్బు లెక్కలు చూసే వాళ్ల సీఎఫ్‌ఓ ఏ ప్రశ్నకు జవాబు దాటేశాడో ఆమెకు తెలియదు. మీటింగ్ అయ్యాక లిఫ్టులో సీనియర్ ‘వీళ్లు ఇప్పుడు అమ్మరు, ఆర్నెల్లు ఆగి మళ్లీ వద్దాం’ అన్నప్పుడు పక్కనున్నవాళ్లకే ఆ చదువు అబ్బుతుంది. సెబీకి ఇచ్చే ఐపీఓ ముసాయిదా పత్రం (డీఆర్‌హెచ్‌పీ) రాసే సెషన్‌లో, కంపెనీకున్న ముప్పును చెప్పే ఒక్క రిస్క్ ఫ్యాక్టర్ వాక్యం మీద లాయరూ ఆడిటరూ గంటసేపు వాదించుకోవడం విన్నవాళ్లు ఆ వాక్యాన్ని జన్మలో మర్చిపోరు. ఊరు మారేది దీనికోసం. ఇది దొరకని ముంబై ఉద్యోగానికి, రూ.5 లక్షలు ఎక్కువిచ్చినా, కదలడం దండగ.

ఇక రెండో లెక్క. ఆఫర్ లెటర్‌లోని మొత్తంలో బోనస్ కూడా కలిసి ఉంటుంది. అది ఏడాది చివర వస్తుంది, డీల్స్ లేని ఏడాది చిక్కిపోతుంది. అద్దె మాత్రం ఒకటో తేదీకల్లా కట్టాలి. ఇంటికి డిపాజిట్, బ్రోకర్‌కు కమీషన్, పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందానికి రిజిస్ట్రేషన్... మొదటి జీతం పడకముందే ఇవన్నీ మీద పడతాయి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంటి అద్దె అలవెన్సు మీద మినహాయింపు కూడా లేదు. ఎంబీఏ అప్పు వాయిదా సరేసరి. చేరేటప్పుడు కంపెనీ ఇచ్చే తరలింపు డబ్బు ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవాలి.

ఇంటి విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అద్దె తక్కువని నవీ ముంబైలో దిగాను. ఆఫీసుకు గంటకు పైనే. ఇల్లు విశాలంగా ఉండేది. దాన్ని పగటి వెలుగులో చూసింది ఆదివారాల్లోనే. నాలుగు నెలలకే సర్దుకుని దాదర్‌లో ముగ్గురం పంచుకునే ఇరుకు ఫ్లాటుకు మారాను. అప్పటినుంచే నిద్రపోయాను.

ఇది సుఖం గురించిన మాట కాదు. 2021లో ఒక ప్రఖ్యాత అమెరికన్ బ్యాంకులో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు (అందరికంటే జూనియర్ బ్యాంకర్లు) తమ మీద తామే సర్వే చేసుకుంటే వారానికి సగటున 95 గంటల పని తేలింది. 2024లో జేపీ మోర్గాన్ జూనియర్ల పనిగంటలకు చాలా సందర్భాల్లో 80 గంటల పరిమితి పెట్టింది. పరిమితే 80! ఆరు రోజులకు పంచితే రోజుకు పదమూడు గంటలు దాటుతుంది. రానూపోనూ రెండున్నర గంటలు కలిపితే తిండికీ స్నానానికీ నిద్రకూ మిగిలేది ఎనిమిది గంటల చిల్లర. ఆఫీసు పక్కన కట్టే అధిక అద్దెను నేను వైద్య ఖర్చు కిందే లెక్కేస్తాను.

ఒంటరితనం గురించి మన ఇళ్లలో తక్కువ మాట్లాడతారు. ఈ ఉద్యోగంలో దానికి మరో పొర ఉంది. బయటపడని డీల్ సమాచారాన్ని సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం అవసరం లేనివాళ్లతో పంచుకోకూడదు. రూమ్మేటుకు చెప్పకూడదు, ‘ఏం కంపెనీ నాన్నా?’ అని అమ్మ అడిగినా చెప్పకూడదు. నరసరావుపేటలో కూర్చుని షేర్లు కొనే నాన్న, కొనేముందు కొడుకును సలహా అడుగుతుంటే ఆయన ట్రేడింగ్ కూడా ఆ నిబంధనల పరిధిలోకి వస్తుంది. రోజంతా బుర్రలో తిరిగేదాన్ని ఇంట్లో ఒక్క ముక్క చెప్పుకోలేకపోవడం కొత్త ఊళ్లో ఎంత బరువో మోసినవాళ్లకే తెలుసు.

ముంబైకి తెలుగువాళ్లు వెళ్లడం కొత్త కాదు. పాలమూరు నుంచి కూలీలు, కరీంనగర్ వైపు నుంచి పద్మశాలీలు తరాల క్రితమే వెళ్లారు. భివండి మరమగ్గాల దగ్గర నేటికీ తెలుగు వినిపిస్తుంది. వాళ్ల కష్టంతో బ్యాంకర్ కష్టాన్ని పోల్చడం తగదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. వాళ్లు మేస్త్రీ వెంట, ఊరి మనుషులతో కలిసి వెళ్లారు. జ్వరమొస్తే గంజి కాచిపోసే మనిషి పక్క గదిలోనే ఉండేది. ఇరవై మూడేళ్ల అనలిస్టు ఒక సూట్‌కేసుతో ఒంటరిగా దిగుతాడు. రెండు వారాల గెస్ట్‌హౌస్ ఇచ్చి, మూడో రోజే నడుస్తున్న డీల్‌లో వేసి, ఇల్లు నువ్వే వెతుక్కో అంటారు. ఇది మారాలి. నెలరోజుల వసతి, ఇల్లు కుదిరేదాకా తేలికపాటి పని ఇవ్వడం కోట్లలో ఫీజులు తీసుకునే సంస్థలకు భారమేమీ కాదు.

ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లు హెచ్‌ఆర్‌ను జీతం గురించి అడిగేముందు టీమ్‌లో ఇప్పుడున్న జూనియర్‌కు ఫోన్ చేయాలి. టీమ్‌ను నడిపే ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) ఏ ఊళ్లో కూర్చుంటారు, గత రెండేళ్లలో ఎన్ని డీల్స్ పూర్తయ్యాయి, క్లయింట్ మీటింగ్‌కు అనలిస్టును తీసుకెళ్తారా... ఇవి అడగాలి. మూడోదానికి జవాబు నసుగుతూ వస్తే ఇంకో ఆఫర్ కోసం ఆగడమే మేలు.

వెళ్లడమంటే తిరిగి రాకపోవడం కాదని తల్లిదండ్రులు కూడా గుర్తుంచుకోవాలి. గ్లాండ్ ఫార్మా 2023లో ఫ్రాన్స్‌కు చెందిన సెనెక్సీని కొనుక్కుంది. అలాంటి కొనుగోలు చేసే కంపెనీకి బ్యాంకర్లు చూపించే అంకెల్ని ఇవతలి పక్క కూర్చుని నిలదీయగల మనిషి ఆ కంపెనీలోనే కావాలి. ముంబైలో నాలుగేళ్లు ఆ అంకెలు కట్టినవాళ్లు దుండిగల్‌లో ఆ పనికి సరిగ్గా సరిపోతారు.