గెలాక్సీ అసలు ఆకారం మనకెలా తెలుసు?

గెలాక్సీల గుంపుల (క్లస్టర్ల) ద్రవ్యరాశి కొలవడం గురించి మీరు వేసిన వ్యాసంలో "వెనకున్న గెలాక్సీ ఎంత సాగిందో కొలిస్తే ముందున్న క్లస్టర్ ద్రవ్యరాశి తెలిసిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు కష్టమంతా అక్కడే ఉందండీ. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంటాను. ఈ మాట అనగానే వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, ఆ గెలాక్సీ ముందునుంచే కోలగా ఉంటే?" అన్నాడు. సరైన ప్రశ్నే! ముందున్న క్లస్టర్ గురుత్వాకర్షణ వెనకనుంచి వచ్చే వెలుగును కాస్త వంచడం వల్ల (దీన్నే బలహీన లెన్సింగ్ అంటారు) కనిపించే సాగుడు చాలాచోట్ల కొద్ది శాతమే, గెలాక్సీల సొంత కోలతనం దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేం. వందలు, వేల గెలాక్సీల సగటు తీస్తే, ఎటుపడితే అటు తిరిగున్న సొంత ఆకారాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, క్లస్టర్ కేంద్రం చుట్టూ వలయంలా సర్దుకున్న ఆ కాస్త సాగుడు మిగులుతుంది. 1990లో శాస్త్రవేత్త టోనీ టైసన్ బృందం చూపించింది దీన్నే.

ఇంకో చిక్కు, క్లస్టర్‌లోని గెలాక్సీలే వెనకవాటి లెక్కలో కలిసిపోతే పాలల్లో నీళ్లు పోసినట్టు సిగ్నల్ పల్చబడి ద్రవ్యరాశి తక్కువగా వస్తుంది. అందుకే రంగులను బట్టి దూరం అంచనా కట్టి వాటిని ఏరేస్తారు. వాతావరణం, టెలిస్కోప్ అద్దాలు తెచ్చే మసక వేరే తలనొప్పి, దాన్ని అదే ఫొటోలో పడ్డ నక్షత్రాల ఆకారాలు చూసి సరిచేస్తారు.

ఇన్ని తిప్పలు ఎందుకంటే, క్లస్టర్‌లో వేడి వాయువు స్థిమితంగా ఉందా లేదా అన్న పట్టింపు ఈ పద్ధతికి లేదు, ఆ వాయువు వెదజల్లే ఎక్స్‌రేలను బట్టి ద్రవ్యరాశి కట్టే లెక్కకు ఉంటుంది. 2006 నాటి బుల్లెట్ క్లస్టర్ (ఒకదాన్నొకటి ఢీకొన్న రెండు క్లస్టర్లు) మ్యాప్‌లో వాయువు ఒకచోట, ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం ఇంకోచోట కనిపించింది కదా, ఆ బొమ్మ ఒక్కటైనా వ్యాసంలో పెట్టాల్సింది.