పులుసు బస్సులో, పర్సు రోడ్డు మీద

మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. ధాన్యానికి తరుగు తీసే అలవాటు మిల్లు నుంచి ఇంటిదాకా వచ్చింది. అరిగిన సబ్బుబిళ్లను కొత్త సబ్బుకు అతికిస్తారు. టూత్‌పేస్టు గొట్టాన్ని చపాతీ కర్రతో ఒత్తి, ఇక నా దగ్గర ఏమీ లేదని అది ఒప్పుకున్న తర్వాత కూడా నమ్మక, మధ్యకు కత్తిరించి చూస్తారు. పిసినారి అనకండి, నాకు కోపం వస్తుంది. మాకు అప్పులున్నాయి, వాటిని తీర్చాలన్న పట్టుదలా ఉంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండటం మా వీధిలో కొత్త.

ఆ అప్పుల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మేం మైపాడు బీచికి వెళ్లిన రోజు ఫోను దగ్గర జరిగింది అర్థం కాదు. అమ్మాయి కాలేజీ ఫీజుకు నా గొలుసు బ్యాంకులో పెట్టి లక్ష రూపాయలు తెచ్చాం, నూటికి రూపాయి వడ్డీ. వానలకు మిద్దె కారితే తెలిసినాయన దగ్గర 50 వేలు తీసుకున్నాం, నూటికి రెండు రూపాయలు. అంటే లక్షకూ నెలకు వెయ్యే, అందులో సగానికీ నెలకు వెయ్యే. ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడోది ఫ్రిజ్ కొన్నప్పుడు గీకిన క్రెడిట్ కార్డు. అందులో కనీస బకాయి అని ఒక మాయ ఉంది. నెలనెలా ఆ చిన్న మొత్తం కడితే అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. మిగిలిన దాని మీద నూటికి మూడున్నర రూపాయల చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఈ లెక్క విని, "మా ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే పదిమందిలో నిలబెట్టేవాళ్లు. వీళ్లు ఎదురు కార్డిచ్చి, పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పంపుతున్నారే!" అంది.

చిన్న అప్పు ముందు తీర్చేస్తే మనసు తేలికపడుతుందని మా ఆయన వాదన. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చకపోతే మనసు తేలికైనా జేబు తేలికవడం ఆగదని అమ్మ వాదన. అదృష్టం బాగుండి చిన్న అప్పూ అదే, ఎక్కువ వడ్డీదీ అదే, ఆ కార్డే. అత్తా అల్లుడూ ఒక మాట మీదకు వచ్చిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. అయితే మధ్యలో ఒక నెల కరెంటు బిల్లు కట్టి కార్డు బాకీ ఆపాం. అప్పటి నుంచి రోజుకో కొత్త నంబరు నుంచి ఫోన్లు. మా ఆయన తెలియని నంబరు ఎత్తడం మానేశారు. నా ఫోనుకు రీచార్జి ఆ నెల వాయిదా పడింది. ఇంట్లో ఒకరికి ఫోను ఉంటే చాలదా అన్నది సిద్ధాంతం.

ఇలా నడుస్తుండగా వేసవి సెలవులు వచ్చాయి. మా అబ్బాయి స్నేహితులు ఊటీ వెళ్తున్నారట.

"ఊటీలో సముద్రం ఉందా?" అని అడిగారు మా ఆయన.

"లేదు నాన్నా."

"మనకుంది. పాతిక కిలోమీటర్లలో మైపాడు. సముద్రం ఉన్నవాళ్లం లేని ఊరికి వెళ్లడమేమిటి?"

పదేళ్ల పిల్లవాడు దీనికి ఏం జవాబు చెబుతాడు?

బడ్జెట్ 300 రూపాయలు. అది చాలడానికి కారణం స్త్రీశక్తి పథకం. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. నేను, అమ్మ, అమ్మాయి, ముగ్గురం సున్నా. అబ్బాయికి అర టికెట్టు. మొత్తం ప్రయాణానికి అయ్యేది ఒకటిన్నర టికెట్టు. కాగితం మీద ఈ అంకె వేసుకుని ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. కొత్తగా పెళ్లయినప్పుడు నన్ను కూడా అంతసేపు చూసిన గుర్తు లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. బస్టాండులో ఎక్కితే హాయిగా కూర్చునేవాళ్లం. కానీ నెల్లూరులోనే ఉన్న మైపాడు గేటు దాకా నడిచి అక్కడ ఎక్కితే ఆ ఒకటిన్నర టికెట్టులో కూడా కొంత తగ్గుతుందేమోనని ఆయన ఆశ. ఎంత తగ్గుతుందని అడిగితే, "తగ్గడం ముఖ్యం, ఎంత అన్నది తర్వాత" అన్నారు. పొద్దున్నే సంచులు మోసుకుంటూ నడిచాం. నెల్లూరు ఎండ ఎనిమిది గంటలకే పెద్దదైపోతుంది.

సంచుల్లో ఒకదాని గురించి మాత్రం గర్వంగా చెబుతాను. చేపల పులుసు. సముద్రం ఒడ్డుకు ఎవరైనా చేపల పులుసు మోసుకెళ్తారా అని మా అమ్మాయి నవ్వింది. అక్కడ వేయించిన చేప ముక్క ఎంతకమ్ముతారో తెలిస్తే నవ్వదు. వంజరం కొనే స్థోమత లేక కానాగంతలు తెచ్చి ముందురోజు సాయంత్రమే పెట్టాను. మా నెల్లూరు పులుసుకు ఆ వెసులుబాటు ఉంది. మామిడికాయ పులుపు, కారం ముక్కలోకి దిగాలంటే ఒక రాత్రి గడవాలి, వండిన రోజుకన్నా మర్నాడే దాని అసలు రుచి. పేదింటి పొదుపూ మంచి రుచీ ఒకే దారిలో నడిచే వంటలు కొన్నే, ఇది వాటిలో ఒకటి. కారం మాత్రం తగ్గించలేదు. పొదుపు చేయకూడనివీ ఉంటాయి.

గేటు దగ్గర చలివేంద్రం ఉంది. మట్టి కుండల మీద తడిగుడ్డలు కప్పి ఎవరో పుణ్యాత్ములు పెట్టారు. చూడగానే మా ఆయన కళ్లు మెరిశాయి. బీచ్ దగ్గర నీళ్ల సీసా 20 రూపాయలు. ఖాళీ సీసాలన్నీ తీసుకుని, అబ్బాయిని వెంటబెట్టుకుని వరసలో నిలబడ్డారు. మాకు భోజనాల సంచి అప్పజెప్పారు. పర్సు, ఫోను ఆయన జేబులోనే.

సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది. బస్టాండు నుంచే నిండి వచ్చింది మరి. తలుపు దగ్గర తోపులాట. వెనక నుంచి ఎవరో నెడితే అమ్మ ఎక్కేసింది, అమ్మ వెనక అమ్మాయి, అమ్మాయి చేయి పట్టుకున్నందుకు నేను. తిరిగి చూస్తే మా ఆయన నాలుగో సీసా నింపుతున్నారు. "ఏమండీ!" అని అరిచాను. ఆయన చేయెత్తారు, వస్తున్నానన్నట్టు. కానీ మూత బిగించకుండా కదలలేదు. నీళ్లు ఒలికితే నష్టం కదా. కండక్టరు రైట్ అన్నాడు.

"ఆపించమంటారా అమ్మా?" అని అడిగాడు పాపం.

"వద్దు నాయనా. ఆపితే ఈ సందు కూడా పోతుంది," అంది అమ్మ, అప్పటికే ఎవరి ఒడిలోనో సగం కూర్చుని. "అతనేం చిన్నపిల్లాడా, వెనక బస్సులో వస్తాడు."

ఆధార్ చూపించాం. మూడు సున్నాలు చేతికి వచ్చాయి. తిండి మా దగ్గర, డబ్బూ నీళ్లూ ఫోనూ ఆయన దగ్గర. ఇంత సమానంగా ఆస్తి పంపకం అన్నదమ్ముల మధ్య కూడా జరగదు.

వెనక జరిగింది అబ్బాయి తర్వాత చెప్పాడు. బస్సును పట్టుకుందామని ఆటో అడిగితే డ్రైవరు 400 అన్నాడట. మా ఆయన 100 అన్నారట. బేరం కుదిరేలోపు బస్సు దుమ్ము కూడా కనిపించలేదు. సరే, ఇందుకూరుపేట దాకా మనిషికి ఇంతని షేరు ఆటో ఎక్కారు. అక్కడ దిగిపోయారు. ఎందుకంటే, ఆయన ఆలోచన ప్రకారం, చేతిలో పైసా లేని ఆడవాళ్లు భయపడి తప్పకుండా మధ్యలో దిగి ఎదురుచూస్తుంటారు. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆయనకు మా అమ్మ ఇంకా అర్థం కాలేదు.

మేము మైపాడు చేరి, ఇసుకలో నడిచి, నీళ్లలో కాళ్లు తడుపుకుని, అలలు చీర అంచు లాగుతుంటే అమ్మ చిన్నపిల్లలా కేకలు పెట్టి, అన్నీ అయ్యాయి. ఒక బస్సు వచ్చింది, ఆయన లేరు. ఇంకొకటి వచ్చింది, అందులోనూ లేరు. ఆకలి ఆగలేదు. డబ్బా మూత తీశాం.

నాలుగు ముద్దలు తిన్నాక తెలిసింది, నీళ్లు లేవని. ఒక రాత్రి ఊరిన కారం, నడినెత్తిన ఎండ, ఎదురుగా కనుచూపుమేర నీళ్లు, అందులో తాగడానికి ఒక్క గుక్క లేదు. మా అమ్మాయి నాలుక బయటపెట్టి విసురుకుంటోంది. నేను మామిడికాయ ముక్క చప్పరించి ఇంకా పెద్ద తప్పు చేశాను.

పక్కనే కోవూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని కూర్చుంది. వాళ్ల దగ్గర పెద్ద నీళ్ల క్యాను, అందులో ఐసు. తిండి మాత్రం బ్రెడ్డు, జాము. అమ్మ మా వైపు కూడా చూడలేదు. డబ్బా చేతిలోకి తీసుకుని తిన్నగా వాళ్ల దగ్గరికి వెళ్లి, "అమ్మాయ్, ఈ పులుసులో ఉప్పు సరిపోయిందేమో చూసి చెప్పు తల్లీ, మా వాళ్లకు తెలియడం లేదు" అంది. ఆవిడ రుచి చూసింది. ఆమె భర్త రుచి చూశాడు. తర్వాత వాళ్ల దుప్పటి మీదే మాకూ చోటు దొరికింది. చల్లటి నీళ్లు కడుపునిండా తాగాం. మా పులుసు అడుగంటింది, వాళ్ల జాము సీసా మా చేతికొచ్చింది. అంతా అయ్యాక ఆవిడే తన ఫోను ఇచ్చింది, మీ వారికి చేసుకోండని.

చేశాను. మోగింది. కట్ చేశారు. మళ్లీ చేశాను. మళ్లీ కట్. తర్వాత అసలు మోగడమే మానేసింది. ఆ నంబరును ఆపేశారన్నమాట. కొత్త నంబరు, మధ్యాహ్నం వేళ, వరసగా రెండుసార్లు. ఆయన దృష్టిలో అది ఎవరై ఉంటుందో నాకు తెలుసు. కానీ కోవూరు వాళ్లకు ఎలా చెప్పను? "మీవారికి కోపమా?" అని ఆవిడ మెల్లగా అడిగింది. "కోపం కాదమ్మా, ఫ్రిజ్జు" అంది మా అమ్మ. ఆవిడ తలూపింది, ఏమర్థమైందో.

ఆవిడ భర్త తన ఫోను ఇచ్చాడు. ఈసారి చాలాసేపు మోగింది. చివరికి ఎత్తారు. నేను నోరు తెరిచేలోపే, ఎంతో వినయంగా, ఊపిరి తీసుకోకుండా, "సార్, ఐదో తారీఖుకు తప్పకుండా కట్టేస్తాను సార్, ఇప్పుడు నా భార్య కనిపించడం లేదు, ఇందుకూరుపేటలో వెతుకుతున్నాను, కాస్త దయ చూపండి సార్" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్పీకరు ఆన్‌లో ఉండటం వల్ల కోవూరు వాళ్లకు నిర్ణయించుకోవడం తేలికైంది.

"నేనేనండీ," అన్నాను.

అటువైపు కాసేపు శబ్దం లేదు. తర్వాత, "ఈ ఫోను ఎవరిది? మాట్లాడితే వాళ్లకు ఖర్చవుతుందేమో, పెట్టేసెయ్" అన్నారు.

ఇందుకూరుపేట నుంచి ఆటోలో వచ్చారు. షేరు ఆటో కాదు, పూర్తిగా వీళ్ల కోసమే కట్టించుకున్నది, 250 రూపాయలు. అబ్బాయి పరుగెత్తుకొచ్చి, "ఆకలేస్తోంది నాన్నా అంటే నీళ్లు తాగమన్నారమ్మా, అడిగినప్పుడల్లా!" అని ఫిర్యాదు చేశాడు. చేతిలో సగం అరటిపండు ఉంది. మిగతా సగం వాళ్ల నాన్న తిన్నారట. జాము సీసా చూపించగానే ఫిర్యాదు మరిచి వేళ్లతో తీసుకుని తింటూ సముద్రంలోకి దిగాడు. కోవూరు వాళ్లు ఇచ్చిన బ్రెడ్డు మా ఆయనకు పెట్టాం. ఆయన నిండుగా ఉన్న సీసాలను వరసగా ఇసుకలో నిలబెట్టి, తాగుతారా అని వచ్చేపోయేవాళ్లందరినీ అడగడం మొదలుపెట్టారు. ఎవరూ తాగలేదు. మోసిన కష్టం ఆయనది, పారబోయడానికి చేతులు రావు. నిండు సీసాలతోనే తిరుగు బస్సెక్కాం, ఈసారి మగవాళ్లను ముందు ఎక్కించి.

రాత్రి లెక్కల పుస్తకం తెరిచారు. రెండు ఆటోలు, అరటిపండు, టికెట్లు, అన్నీ కలిపి బడ్జెట్ దాటింది. ఆటో ఖర్చు ఏ పద్దులో రాయాలన్నది పెద్ద చర్చ. విహారం కింద రాద్దామంటే ఆయన విహరించలేదు. వైద్యం కింద రాయమని అమ్మాయి సలహా. పెన్సిలు పట్టుకుని ఆయన దిగులుగా కూర్చున్నారు.

"నాయనా, దిగులెందుకు?" అంది అమ్మ. "వచ్చే ఆదివారం పెంచలకోన పోదాం. నరసింహస్వామి దర్శనం, కొండ, చల్లగాలి. మేం ముగ్గురం ఆడవాళ్లం మాత్రమే. బస్సు సున్నా. తిండి ఇంటిదే. ఇవాళ డబ్బు ఖర్చయిందంతా మీ ఇద్దరి మీదే, కావాలంటే చూసుకో."

ఆయన చూసుకున్నారు. పై నుంచి కిందకు, కింద నుంచి పైకి కూడినా అమ్మ మాటే నిజమైంది. తప్పు పట్టడానికి ఒక్క పైసా దొరకలేదు. కొత్త పేజీ తిప్పి పెంచలకోన అని రాసి, ఎదురుగా సున్నా వేశారు. వేసి, కాసేపు ఆలోచించి, దాన్ని కొట్టేశారు.

"నీళ్ల సీసాకు 20 వేసుకోండి అత్తయ్యా," అన్నారు.