బ్లూటూత్‌లో వింటే 192 ఎందుకండీ?
పాటలకి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ (అంటే ధ్వనిని సెకనుకు 1,92,000 సార్లు కొలిచి దాచిన) ఫైళ్లే వినాలని మీరు రాశారు. బాగుంది కానీ, బ్లూటూత్‌లో వినేవాళ్లకి అంత పెద్ద ఫైలుతో ఏం లాభమండీ? బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే ఎల్‌డ్యాక్ పద్ధతి కూడా సెకనుకు 990 కిలోబిట్ల దగ్గరే ఆగిపోతుంది. మామూలు సీడీకే 1411 కావాలి.

తిరుపతిలో మా మిద్దె మీద గదిలో ఓ ఆదివారం పరీక్ష పెట్టాం. మా నాయన పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన అన్నమయ్య కీర్తన, ఒకటి ఫ్లాక్ (ఏమీ పోకుండా కుదించిన ఫైలు), ఒకటి 320 కిలోబిట్ల ఎంపీ3 (కొంత వదిలేసి కుదించినది). వైరు హెడ్‌ఫోనే. ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే మా తమ్ముడు పదిసార్లూ తికమకపడ్డాడు. టేపు బుస మాత్రం రెండింట్లోనూ సుబ్బరంగా వినిపించింది!

దాచుకోవడానికి ఫ్లాకే మేలు, ఒప్పుకుంటా. 192 మాత్రం నాకు దండగే. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, దానికి రెట్టింపు కొలతలుంటే సరి, సీడీ 44.1 కిలోహెర్ట్జ్ చాలు.