నాలుగు సెకన్ల కొలువు అంటున్నవాళ్లకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఆరోసారి. ఈసారి పంపింది మా బాబాయి కొడుకు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. "అమెరికాలో డ్రాగ్ రేసు డ్రైవరు నాలుగు సెకన్లు పనిచేసి కోట్లు సంపాదిస్తాడు. మలుపుల్లేని రోడ్డు, కాలు నొక్కితే చాలు. ఆడవాళ్లు కూడా గెలుస్తున్నారంటే ఎంత తేలికో చూడండి. ప్రమాదమే లేదు, మన ఔటర్ మీద కుర్రాళ్లు రోజూ చేసేదే" అని ఉంది అందులో.

డ్రాగ్ రేసంటే తిన్నటి రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన పోటీపడటం. పరుగు నాలుగు సెకన్లలోపే, నిజం. తాళి కట్టడానికి పట్టే సమయాన్ని బట్టి పెళ్లి పనులు లెక్కగడతామా? అమెరికా డ్రాగ్ రేసరు జాన్ ఫోర్స్ లారీ నడిపి, ఏళ్ల తరబడి ఓడి, 1987లో గానీ తొలి గెలుపు చూడలేదు. పదహారు టైటిళ్లు ఆ తర్వాతివి.

కాలు నొక్కితే చాలన్న మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకుంటాను. డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన తరగతి టాప్ ఫ్యూయల్. ఆ కారులో క్లచ్ ఎప్పుడు ఎంత పట్టాలో క్రూ చీఫ్, అంటే కారును సిద్ధం చేసే జట్టు పెద్ద, ముందే అమర్చి పెడతాడు. అది తప్పితే ఎంత గొప్ప డ్రైవరైనా ఓడతాడు. కానీ లైటు పడగానే కదలడంలో సెకనులో వందో వంతు ఆలస్యమైనా గెలవాల్సిన రేసు పోతుంది. పదకొండు వేల హార్స్‌పవర్ దెబ్బకు టైర్లు జారితే కాలు తీసి మళ్లీ వేయాల్సింది డ్రైవరే.

ఆడవాళ్ల మాటకు రెండు వాక్యాలు చాలు. అమెరికా రేసరు షర్లీ మల్డౌనీ 1977, 1980, 1982లో టాప్ ఫ్యూయల్ ఛాంపియన్. ఆ టైటిల్ మూడుసార్లు గెలిచిన తొలి వ్యక్తి ఆమే, మగవాళ్లందరినీ కలుపుకుని.

ఇక ప్రమాదమే లేదన్న మాట. ఇది రాసినవాడి మీద నాకు నిజంగా కోపం వస్తోంది. 1970లో డాన్ గార్లిట్స్ అనే రేసరు కారు గేర్‌బాక్స్ పేలి కుడి పాదంలో సగం పోయింది. ఇంజిన్ డ్రైవరు వెనక ఉండేలా కారు కట్టుకుని, మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలోని పొమోనాలో గెలిచాడు. ఈ రోజు టాప్ ఫ్యూయల్ కార్లన్నీ ఆ పద్ధతిలోవే. షర్లీకి 1984లో, మాంట్రియల్ దగ్గర, దాదాపు 400 కిలోమీటర్ల వేగంలో ముందు టైరు ట్యూబు చక్రానికి చుట్టుకుంది. కాళ్లు నుజ్జయ్యాయి. ఆపరేషన్ మీద ఆపరేషన్. 1986లో మళ్లీ ఎక్కింది, 1989లో మళ్లీ గెలిచింది.

ఆమె తొలి టైటిల్ నాటి క్రూ చీఫ్ పేరు కాన్నీ కలిట్టా. ఆయన కొడుకు స్కాట్ రెండుసార్లు ఛాంపియన్. 2008 జూన్ 21న న్యూజెర్సీలో ఇంజిన్ పేలింది, కారు ఆగలేదు, చివర ఉన్న ఇసుక మడినీ దాటిపోయింది. స్కాట్ చనిపోయాడు. నలభై ఆరేళ్లు. ఆ జులై నుంచే టాప్ ఫ్యూయల్ కార్ల పరుగును, ఫన్నీ కార్లనే ఇంకో తరగతి కార్ల పరుగును 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించారు. ప్రమాదమే లేని ఆటకు రోడ్డెందుకు కురచ చేశారు?

అక్కడ పారాచూట్లున్నాయి, మంటకు తట్టుకునే సూట్లున్నాయి, ట్రాక్ పక్కనే అంబులెన్సు ఉంది. అన్నీ ఉండి కూడా స్కాట్ బతకలేదు. ఔటర్ మీద ఏముంది? ఎదురుగా తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకు పోతున్న ఎవరిదో కుటుంబం ఉంటుంది. వాళ్లకు హెల్మెట్లుండవు, రేసు జరుగుతోందని తెలియదు.

తమ్ముడూ, నువ్వా మెసేజ్ పెట్టిన గ్రూపులో మన ఇంటి పదో తరగతి పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లలో ఒకడికి మొన్ననే బండి కొన్నారు. ముందు అక్కడ తీసెయ్యి.