మంచం కింద పవళించిన రెండో బ్యాటరీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండో బ్యాటరీ గారి దివ్యసముఖానికి,

తిరుపతి నుంచి, మీకు యజమానినని ఇన్నాళ్లూ భ్రమపడిన వ్యక్తి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడమే మర్యాద. అయితే మీ కుశలం గురించి మీరు చెప్పిన మాట నమ్మి ఇప్పటికి రెండుసార్లు చీకట్లో పడుకున్నాను కనుక, వోల్టులు కొలిచే మల్టీమీటరు వచ్చి సాక్ష్యం చెప్పేదాకా ఆ పదాన్ని వాయిదా వేస్తున్నాను.

పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, మంచమూ చిన్న ఫ్రిజ్జూ రెండు ఫ్యాన్లూ బిగించి, దానికి కారవాన్ అని పేరు పెట్టుకున్న రోజున మీకు అప్పగించిన ఉద్యోగం ఒక్కటే. సెల్ఫ్ కొట్టడం ముందున్న మీ అన్నగారి పని. బండి ఆగాక రాత్రంతా ఇల్లు నడపడం మీ పని. మీ ఇద్దరి మధ్య ఐసొలేటర్ రిలే అనే పెద్దమనిషిని కూర్చోబెట్టాము. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు, తిరుపతి జిల్లాలు వేరుపడ్డట్టే మీవీ వేరు కాపురాలు. ఇంజను తిరుగుతున్నంతసేపు, దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రాబడి ఇద్దరికీ చెందాలి, ఇంజను ఆగగానే ఎవరి ఖర్చు వారిది. ఇంత న్యాయమైన పంపకం మా తాతల ఆస్తిలో కూడా జరగలేదు.

అటువంటి మీరు తలకోన దగ్గర బస చేసిన రాత్రి రెండు గంటలకు చేతులెత్తేశారు. ఫ్రిజ్ రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. తెల్లారేసరికి పెరుగు పులిసిపోయింది, దోసెపిండి మూతను తోసుకుని గిన్నె బయటికి వచ్చింది. మా ఆవిడ ఆ గిన్నెను నా ముందు పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా జలపాతం చూడటానికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నా ఫిర్యాదు మీ నీరసం మీద కాదు, మీ అబద్ధం మీద. బండి ఆపిన వెంటనే మీటరు పెడితే 12.8 వోల్టులు అని గొప్పగా చెబుతారు. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6, 12.7 చూపిస్తుందని చదువుకున్న నేను పొంగిపోతాను. అది పైపైన తేలే ఛార్జి మాత్రమేననీ, కొన్ని గంటలు ఆగి అడిగితేనే నిజం బయటికి వస్తుందనీ నాకు ఆలస్యంగా తెలిసింది. మూడు గంటల తర్వాత అడిగితే 12.1, అంటే ఛార్జి సగానికి దిగువ. ఫ్రిజ్ వేసి అడిగితే 11.6. పూటకో మాట చెప్పేవారిని మా వైపు ఏం చేస్తారో మీకు తెలియదు కాబోలు. కాణిపాకం తీసుకెళ్లి, కోనేట్లో ముంచి, వినాయకుడి ఎదుట ప్రమాణం చేయిస్తారు. మిమ్మల్ని నీళ్లలో ముంచితే వారంటీ పోతుందన్న ఒక్క కారణంతో ఆగాను.

సలహాలకు కొదవ లేదు. కరకంబాడి వైపు బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న ఊరు కనుక, బ్యాటరీ గురించి తెలియని బంధువు నాకు ఒక్కడూ లేడు. ఒక దుకాణంలో బండి చూపిస్తే, మంచం పలక కూడా ఎత్తకుండానే "బ్యాటరీ పోయింది సామీ, మార్చేద్దాం" అన్నారు. ఆ మాట మీదే మీ పూర్వీకుడిని ఎక్స్ఛేంజికి ఇచ్చేసి, 150 ఆంపియర్ అవర్ల సామర్థ్యం గల మిమ్మల్ని మేళతాళాలతో తెచ్చుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండా మీకూ అదే జబ్బు వచ్చింది. రోగం నయం కాకపోతే రోగిని మార్చడమనే ఈ వైద్యానికి నేను మరోసారి డబ్బు కట్టదలచుకోలేదు.

అందుకని ఈసారి మిమ్మల్ని కాక, మీ దగ్గరికి వచ్చే దారిని విచారించాను. ఇంజను తిరుగుతుండగా ఆల్టర్నేటర్ వద్ద 14.2 వోల్టులు ఉన్నాయి. మీ వద్ద 13.0 మాత్రమే ఉన్నాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 14కు పైన గంటల తరబడి అందాలి. కొండ మీది నుంచి లడ్డూల సంచితో దిగినవాడు అలిపిరిలో ఒకరికి, బస్టాండులో ఇద్దరికి, వీధి మొదట్లో నలుగురికి పంచుకుంటూ వస్తే ఇల్లు చేరేసరికి సంచి అడుగున నాలుగు బూందీ పలుకులు మిగులుతాయి. మీ 1.2 వోల్టులు ఎవరెవరి చేతుల్లో పోయాయో కనిపెట్టడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది.

మొదట రిలేను అనుమానించాను. అది టక్కుమన్నంత మాత్రాన లోపలి కాంటాక్టులు సరిగా కలిసినట్టు కాదు గనుక, కరెంటు పారుతుండగా దాని రెండు కొసల మధ్య మీటరు పెట్టాను. దాదాపు సున్నా చూపించింది. పెద్దమనిషి నిర్దోషి. తర్వాత తీగను చూశాను. ఇంట్లో గీజరుకు లాగే 4 చదరపు మిల్లీమీటర్ల తీగనే ఇక్కడ ఆరు మీటర్లు లాగి, 30 ఆంపియర్లు మోయమని దాని నెత్తిన పెట్టాము. 230 వోల్టుల ఇంట్లో 0.8 పోతే అడిగే నాథుడు ఉండడు. 12 వోల్టుల బండిలో అదే 0.8 పోతే మీరు పస్తు. మిగిలిన 0.4 కోసం మీటరు ఒక కొసను మీ మైనస్ మీద, రెండో కొసను ఆల్టర్నేటర్ ఒంటి మీద పెట్టాను. దొంగ అక్కడ దొరికాడు. మీ మైనస్ నుంచి వచ్చే ఎర్త్ తీగను ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించిన బోల్టు పైకి నిగనిగలాడుతోంది. విప్పి చూస్తే, దాని కింద తెల్ల పెయింటు చెక్కుచెదరకుండా ఉంది. వాషరు అంచు గీసుకున్న చోట గోరంత ఇనుము కనబడుతోంది, దాని మీద తుప్పు. మీ జీతమంతా ఇన్నాళ్లూ ఆ గోరంత తుప్పు గుండా రావలసి వచ్చింది.

పైన సోలార్ పలక ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఎండకు భయపడి నేను ప్రతిసారీ మామిడి చెట్టు కిందే బండి ఆపుతాను. ఒక్క కొమ్మ నీడకు కంట్రోలరు తెర మీద 6 ఆంపియర్లు 2కు పడిపోవడం కళ్లారా చూశాను. ఆ తప్పు నాది, తోతాపురిది కాదు.

ఇప్పుడు 25 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించి, అటు చివర ఒక బ్యాటరీ, ఇటు చివర మరొక బ్యాటరీ ఉన్నాయి గనుక రెండు చివర్లా ఫ్యూజులు పెట్టించాను. బోల్టు కింది పెయింటును ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన వ్యాజ్‌లైన్ పూశాను. ఛార్జింగు వేళ మీరు వదిలే, నిప్పురవ్వ తగిలితే పేలే హైడ్రోజన్ మీద ఇన్ని రాత్రులు నిశ్చింతగా నిద్రపోయిన నా ధైర్యానికి నేనే జడుసుకుని, మిమ్మల్ని పెట్టెలో పెట్టి గొట్టం బయటికి తీయించాను. మీ ఆరు గదుల్లో డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఇంజను తిప్పితే మీ వద్ద 14.0 వచ్చింది. మీ పూర్వీకుడికి క్షమాపణ చెప్పుకునే దారి మాత్రం లేదు. ఆయన ఈపాటికి కరిగి, ఏ కొత్త బ్యాటరీలోనో సీసపు పలకై ఉంటారు.

ఈ రాత్రి ఇంటి ముందే, ఫ్రిజ్ వేసి, అందులో దోసెపిండి పెట్టి, వ్యానులోనే పడుకుంటున్నాము. సుప్రభాతం వేళకు మీటరు పట్టుకుని వస్తాను. 12.2కు దిగువ ఏ అంకె చెప్పినా వారంటీ సంగతి తర్వాత చూసుకుందాము. కాణిపాకం ఇక్కడికి రెండు గంటల దారి కూడా లేదు.

ఇట్లు,
మల్టీమీటరు కొనుక్కున్న మీ విధేయుడు