బేనిషాన్‌కు నిషాన్ ఇస్తే సరిపోయిందా?

బంగినపల్లి మామిడికి మార్కెట్లో ఇంకో పేరుంది, బేనిషాన్. గుర్తు లేనిది, మచ్చ లేనిది అని అర్థం. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఒక ప్రాంతపు సరుకుకు ఆ ప్రాంతం పేరు మీద చట్టం ఇచ్చే హక్కు) తెచ్చి ఒక గుర్తు తగిలించాం. పేపర్లలో పెద్దక్షరాలు చూసి మురిసిపోయాం. ఆ తర్వాత ఏ వేసవిలోనైనా మీరు కొన్న పండ్ల పెట్టె మీద జీఐ ముద్ర చూశారా? నాకైతే కనబడలేదు.

కనబడకపోవడంలో వింతేమీ లేదు. దానికి దరఖాస్తు పెట్టింది తోటలున్న రైతులు కాదు, ఉద్యాన శాఖ. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను అసలు పుట్టిల్లుగా చూపించారు. అక్కడితో ఆగకుండా కోస్తా, రాయలసీమ, తెలంగాణలో ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్, ఆదిలాబాద్ దాకా ద్వితీయ ప్రాంతమంటూ చేర్చారు. అంటే రెండు రాష్ట్రాల్లో దాదాపు ఏ చెట్టున కాసినా అది బంగినపల్లే. ఎవరినీ నొప్పించని ఈ ఏర్పాటు రాజకీయానికి బాగుంటుంది, బ్రాండుకు పనికిరాదు. ఊరి పేరుకు ధర పలకాలంటే ఆ పేరు వాడుకునే హక్కు కొందరికే ఉండాలి. ఆ కొందరిలోనూ సరుకు బాగాలేనివాడికి ఆ ఏడాది పేరు దక్కకూడదు.

ఇటలీలో పర్మిజానో జున్ను చేసేవాళ్ల సంఘం 1934లో పుట్టింది. జున్ను చక్రం ఏడాది మాగాక తనిఖీ మనిషి వచ్చి చిన్న సుత్తితో చుట్టూ తట్టి, చెవి పెట్టి వింటాడు. లోపల పగులుందా, బోలుందా అన్నది ఆ చప్పుడులో తెలిసిపోతుంది. (సంతలో కుండను వేలితో కొట్టి చూసి కొన్న మన పెద్దవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు.) నెగ్గిన చక్రానికి ముద్ర కాలుస్తారు. బాగా చెడిపోయిన దాని తొక్క మీద అప్పటికే అచ్చుపడి ఉన్న పేరును గీకేస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ప్రాణం ఆ గీకేయడంలోనే ఉంది. తోటివాడి జున్ను మీద పేరు చెరిపేసే అధికారం జున్ను చేసేవాళ్ల సంఘానికే ఉంది కాబట్టి, మిగిలిన చక్రాలకు ఆ ధర వస్తోంది.

మన జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అందులో గుర్తింపు ఎవరి పేరున ఉందో రాసుకోవడం ఒక మెట్టు, దాన్ని వాడుకునే అసలు ఉత్పత్తిదారుల పేర్లు నమోదు చేయడం తర్వాతి మెట్టు. మన ఉత్సాహమంతా మొదటి మెట్టు మీదే ఖర్చయిపోతుంది. గుంటూరు సన్న మిర్చి గుర్తింపు తెచ్చింది స్పైసెస్ బోర్డు. యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలుకొచ్చే రైతును ఆ సర్టిఫికెట్ ఎక్కడుందని అడిగి చూడండి.

పోచంపల్లిలో మొదటి మెట్టూ సరిగానే పడింది. దేశంలో తొలి జీఐల్లో అదొకటి. నేత సహకార సంఘం, చీరల తయారీదారుల సంఘం కలిసి తెచ్చుకున్నాయి. అయినా దారం కట్టి, రంగు అద్ది, పడుగూ పేకా కలిసేలా నేసిన చీర పక్కనే అదే డిజైను అచ్చుగుద్దిన మిల్లు గుడ్డ పోచంపల్లి పేరుతోనే దర్జాగా అమ్ముడవుతోంది. వెంటపడి పట్టుకోవడానికి సంఘం చేతిలో మనుషులేరి? డబ్బేది?

ఇప్పుడు అరకు చూడండి. అక్కడి అరబికా కాఫీకి కాఫీ బోర్డు ద్వారా జీఐ వచ్చింది 2019లో. అరకు పేరుతో పారిస్‌లో కాఫీ కొట్టు తెరిచింది 2017లో! కాగితం కంటే రెండేళ్ల ముందే పేరు సముద్రాలు దాటింది. ఎర్రగా పండిన పండే కోయాలన్న పట్టుదల, గింజలన్నీ ఒకేచోట శుద్ధి చేయడం, ఏ రైతు కాఫీ ఎలా ఉందో రుచి చూసి చెప్పే నిపుణులు - ఇవి తెచ్చిన పేరది. దాని వెనక హైదరాబాద్‌లోని నాంది ఫౌండేషన్, పారిశ్రామికవేత్తల డబ్బు ఉన్న మాట నిజమే. అయితే ఆ డబ్బు వెళ్లింది ఫ్లెక్సీలకు కాదు, నాణ్యతకు.

ఇంత కట్టుదిట్టం చేస్తే చిన్న రైతే ముందు బలవుతాడని కొందరంటారు. పరీక్షల ఖర్చు, కాగితాల గోల, పెద్ద వ్యాపారి ఒక్కడే నెగ్గుకొస్తాడని వాళ్ల భయం. తనిఖీ చేసే పని సర్కారు అధికారి చేతిలో ఉంటే నిజంగా అలాగే జరుగుతుంది. కానీ కట్టుబాటు లేనప్పుడు లాభపడుతున్నది ఎవరు? కార్బైడ్‌తో మాగబెట్టిన కాయకూ చెట్టున ముదిరిన కాయకూ ఒకే ధర కట్టే దళారి. చిన్న రైతును ఆ రేటు ఎప్పుడో బలి తీసుకుంది.

కాబట్టి అసలు ప్రశ్న బ్రాండ్ గురించి కాదు, సంఘం గురించి. తెలంగాణలో చేనేత సంఘాలను ఎన్నికలు పెట్టకుండా ఏళ్ల తరబడి సర్కారు నియమించిన పర్సన్ ఇన్‌ఛార్జిలతో నెట్టుకొచ్చారు. తమ అధ్యక్షుణ్నే ఎన్నుకోలేని నేతన్నలు తోటివాడి చీర నాసిరకమని ఎలా చెప్పగలరు? 1995లో ఉమ్మడి రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. సర్కారు వాటా వద్దు, సర్కారు పెత్తనం వద్దు అన్నది దాని సారం. అరకు గిరిజన రైతుల సంఘం ఆ చట్టం కింద పుట్టిందే. ముల్కనూరు మహిళల డెయిరీ కూడా అంతే. వాళ్లు స్వకృషి పేరుతో అమ్మే పాలకు ఏ జీఐ లేదు. రోజూ పొద్దున పాలు పోసేది, బాగాలేకపోతే నష్టపోయేది ఆ ఆడవాళ్లే. దేశంలోనే మేలైన ఆ చట్టాన్ని మనం తెచ్చాం, మనమే మూలన పెట్టాం. జీఐల లెక్క చెప్పే మంత్రులెవరూ ఆ చట్టం ఊసెత్తరు.

తాండూరు కందికి 2022లో గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, అది మంచి మొదలు. ఇక వాళ్లకు కావాల్సింది మిల్లులకు, కిరాణా కొట్లకు వెళ్లి శాంపిల్ తీసే ఇద్దరు మనుషులు, పరీక్షకు ఒక ల్యాబ్, దొంగ ప్యాకెట్ మీద కేసు వేయడానికి వకీలు ఫీజు. వచ్చే జీఐ సంబరానికి వేదిక, ఫ్లెక్సీలు మానేస్తే మొదటి ఏడాదికి ఆ డబ్బు చాలు.