స్పీడ్ బూస్టర్ గారికి తెనాలి నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ స్పీడ్ బూస్టర్ గారి దివ్య సముఖానికి,

తెనాలి నుంచి ఒక పెళ్ళి వీడియోగ్రాఫర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా కెమెరా, మా నాన్న పాత లెన్సూ క్షేమం. తమరు కూడా నా బ్యాగులో, స్పేర్ బ్యాటరీల పక్క అరలో క్షేమంగానే ఉన్నారు. అంత దగ్గరలో ఉన్నవాళ్ళకి ఉత్తరం ఎందుకంటే, మొహం మీద చెప్పడానికి మొహమాటం. పైగా కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే రింగు తమరు, తమరికి మొహమంటూ లేదు. ఇటు చూస్తే రంధ్రం, అటు చూస్తే రంధ్రం, మధ్యలో నాలుగైదు అద్దాలు.

ముందు తమరి పేరు సంగతి. మెటాబోన్స్ అనే కంపెనీ వాళ్ళు బ్రయాన్ కాల్డ్‌వెల్ అనే ఆప్టిక్స్ నిపుణుడి చేత డిజైన్ చేయించి, 2013 జనవరిలో ఈ పేరుతో ఒక సరుకు దింపారు. ధర ఆరు వందల డాలర్లకు ఒక్కటి తక్కువ. ఆ తర్వాత ఎవరు చేసినా అది స్పీడ్ బూస్టరే అయింది. ఏ మెషిన్‌లో కాపీ తీసినా జిరాక్స్, ఏ పొడితో ఉతికినా సర్ఫ్ అయినట్టు. నేను కొన్న తమరు ఆ అసలు ఇంటివారు కారు. ఆ పేరు పెట్టుకున్న దూరపు చుట్టం. పద్నాలుగు వేలకి వచ్చారు. డబ్బా మీద కంపెనీ పేరుండాల్సిన చోట ఒక పులి బొమ్మ ఉంది.

మా పెద్దమ్మ అడిగింది, "స్పీడ్ బూస్టరంటే పెళ్ళి తొందరగా అయిపోతుందా నాయనా?" అని. అలాంటిదేదన్నా ఉంటే ముందు పురోహితులు కొనేవాళ్ళు పెద్దమ్మా. లెన్సుల భాషలో స్పీడంటే వెలుగు. ఎక్కువ వెలుగు లోపలికి రానిచ్చే లెన్సుని ఫాస్ట్ లెన్స్ అంటారు.

ఇంతకీ తమరు మా ఇంటికి ఎందుకు రావలసి వచ్చిందంటే, మా నాన్న వల్ల. ఆయన ఫిల్ము రోజుల్లో స్టూడియో నడిపిన మనిషి. ఆయన నికాన్ 50 ఎంఎం లెన్సుతో తీసిన పెళ్ళిళ్ళ జంటలకి ఇప్పుడు మనవలున్నారు. ఆ లెన్సు 36 బై 24 మిల్లీమీటర్ల ఫిల్ము ముక్క కోసం పుట్టింది. నా మైక్రో ఫోర్ థర్డ్స్ రకం కెమెరాలో, ఫిల్ము బదులు వెలుగు పట్టే సెన్సరు 17.3 బై 13. అంటే లెన్సు పాపం విస్తరి నిండా వడ్డిస్తుంది. నా సెన్సరు మధ్యలో ఉన్న పప్పుముద్ద మాత్రం తినేసి చెయ్యి కడుక్కుంటుంది. పులిహోర, బూరె, గారె, అప్పడం, అన్నీ అంచుల్లో అలాగే మిగిలిపోతాయి. పెళ్ళి మండపంలో గోడకి వీపు ఆనించి నిలబడినా ఆ 50 నా కెమెరాకి 100 లాగా పనిచేస్తుంది. నిండు పెళ్ళి తీద్దామంటే పెళ్ళికొడుకు ముక్కు, దాని పక్కన పురోహితుడి చెవి.

తమరు చేసే పని ఏమిటంటే, ఆ విస్తరిలోవన్నీ మధ్యకి నెట్టడం. బొమ్మని 0.71 వంతుకి కుదిస్తారు. 50 కాస్తా 35 చిల్లర అవుతుంది. పొడవు, వెడల్పు రెండూ ఆ లెక్కన తగ్గేసరికి వైశాల్యం సగమవుతుంది. అదే వెలుగు సగం చోటులో పడుతుంది కాబట్టి కాంతి రెట్టింపు. వేసవి సెలవుల్లో భూతద్దం పట్టుకుని మిట్టమధ్యాహ్నం కాగితం కాల్చిన వాళ్ళెవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చీకట్లో పెంచుకునే ఐఎస్ఓ అంకె 3200 పెట్టే చోట 1600 సరిపోతుంది. ఫొటోగ్రాఫర్ల లెక్కలో ఇది ఒక స్టాప్ లాభం.

లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం అపెర్చర్, దాని అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. ఆ ఆనందంలో నేను మా నాన్న దగ్గరికి పరిగెత్తాను.

"నాన్నా, మీ లెన్సు ఇప్పుడు 1.3."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, అపెర్చర్ రింగు మీది అంకెల్ని గోటితో తడిమి చూశారు. "ఒరేయ్, 1.8 అని చెక్కుంది గదరా."

"బూస్టర్ తగిలించాక 1.3 అవుతుంది నాన్నా."

"అంటే లెన్సులోకి వచ్చే వెలుగు పెరిగిందా?"

"పెరగలేదు."

"మరి?"

"చిన్న చోటులోకి సర్దాం."

"అద్గదీ. పళ్ళెంలో నీళ్ళు గ్లాసులోకి వంచి, నీళ్ళెంత పెరిగాయో చూడమన్నట్టుంది."

ఆ రోజు నుంచి తమరి మీద నాకు చిన్న అనుమానం. వెలుగు లెన్సుది. దాన్ని దాచిపెట్టుకున్న పొదుపు మా నాన్నది. పేరు మాత్రం తమరిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే కాబోలు. పోనీ ఆ దానమైనా పూర్తిగా చేశారా? నా సెన్సరుకి, ఫుల్ ఫ్రేముకి, అంటే నాన్న ఫిల్ము ముక్కంత సైజుకి, మధ్య తేడా రెండింతలు. తమరు తీర్చేది అందులో సగం. నా కెమెరాలో 100 లాగా పనిచేసే ఆ 50 తిరిగి 50 అవ్వదు, 71 దగ్గర ఆగుతుంది. విజయవాడకి టికెట్ కొని రైలెక్కితే చిలువూరులో దింపేసి, "సగం దూరం తెచ్చాం కదండీ" అన్నట్టు.

తమరి వంశం గురించి కూడా విచారించాను. టెలిస్కోపుల వాళ్ళు తమరి పెద్దల్ని చాలా ముందు నుంచే వాడుతున్నారు. ఎఫ్/10 టెలిస్కోపు వెనక, బొమ్మని కుదించే 0.63 రెడ్యూసర్ బిగించి ఎఫ్/6.3 చేసుకుని చుక్కలు చూసేవాళ్ళు. 1995లో నికాన్, ఫ్యూజీ కలిసి చేసిన ఈ2 అనే డిజిటల్ కెమెరాలో సెన్సరు వేలిగోరంత, పిక్సెళ్ళు 13 లక్షలు. లెన్సు చూసే మొత్తం దృశ్యాన్ని అంతలోకి దించడానికి కెమెరా కడుపులోనే ఇలాంటి అద్దాలు అమర్చారు. మరి అంత పెద్ద వంశంలో పుట్టి తమరిలా ఎందుకయ్యారో! తమరికో తోడికోడలు కూడా ఉంది, పేరు టెలికన్వర్టర్. ఆవిడ బొమ్మని 1.4 రెట్లు పెంచుతుంది, ఒక స్టాపు వెలుగు మింగుతుంది. మీ ఇద్దరినీ ఒకే ఇంట్లో పెడితే 1.4 ఇంటూ 0.71, దాదాపు ఒకటి. ఇద్దరు తోడికోడళ్ళు పోట్లాడుకున్నాక ఇంట్లో మిగిలేది అంతే మరి.

ఇక నా గోడు. సూర్యలంక బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్. ఎదురుగా ఎండ, అపెర్చర్ 16కి మూశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పెళ్ళికూతురి నుదుటన, కుంకుమ బొట్టుకి కాస్త పైన, నీలం రంగు బొట్టు ఇంకోటి! సెన్సరు మీద పడ్డ వెలుగు వెనక్కి తుళ్ళి, తమరి అద్దానికి తగిలి, మళ్ళీ వచ్చి ఫ్రేము నడిబొడ్డున కూర్చుందన్నమాట. అపెర్చర్ తెరిచి ఉంచినంతసేపూ పెద్దమనిషిలా కనబడరు. మూసేసరికి బయటపడతారు. అమ్మాయి వాళ్ళమ్మ అడిగింది, "ఇదేం ఫ్యాషన్ బాబూ?" అని. "సినిమాటిక్ అండీ" అన్నాను. ఆవిడ నమ్మింది, ఆ పాపం మీది.

తర్వాత ఇన్ఫినిటీ. దూరంగా ఉన్న గాలిగోపురం ఎంత తిప్పినా స్పష్టంగా కనబడదు. లోపలి అద్దాల గూడుని కాస్త తిప్పి సరిచేయొచ్చట. దానికున్న స్క్రూ ఆవగింజంత. కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి స్క్రూడ్రైవర్ అడిగి, అక్కడే బల్ల మీద కూర్చుని, పావు చుట్టు తిప్పి, బయటికొచ్చి సెల్ టవర్ మీద ఎర్ర లైటు చూసి, మళ్ళీ లోపలికెళ్ళి, ఇంకో వెంట్రుకవాసి తిప్పి... ఆ షాపాయన అయిదోసారి "పవర్ ఎంత సార్?" అని అడిగాడు. 0.71 అని చెప్పాను.

వీటన్నిటికీ తమరూ తమరూ అనే పిలిచాను. మొన్నటి ముహూర్తంతో ఆ మర్యాద తీరిపోయింది, ఇక నువ్వే. తెల్లవారుజామున 2 గంటల 47 నిమిషాలకి ముహూర్తం. కెమెరా ఆన్ చేస్తే, లెన్సు ఫోకల్ లెంగ్త్ ఎంత అని అడిగింది. పాత లెన్సు, నీకు ఒక్క ఎలక్ట్రిక్ పిన్ కూడా లేదు, కెమెరాకి చెప్పేవాడు ఎవడూ లేడు. లెన్సు మీద 50 అని ఉంది కదా అని 50 నొక్కాను. నువ్వు మధ్యలో కూర్చున్నావని, 35 నొక్కాలని ఆ టెన్షన్లో ఎవరికి గుర్తుంటుంది? చేతి వణుకు కనబడకుండా సెన్సరుని కదిపే స్టెబిలైజర్ 50 అనుకుని, కదపాల్సిన దానికంటే ఎక్కువ కదిపింది. తాళి కడుతున్న చేతులూ, వెనక అరటి బోదెలూ కలిసి పూనకం వచ్చినట్టు ఊగాయి. పెళ్ళికొడుక్కి భయంతో చేతులు వణికాయని బావమరదులు ఇప్పటికీ ఏడిపిస్తున్నారట. పాపం, వణికింది నా సెన్సరు. ఆ అబ్బాయికి చెబుదామనుకున్నాను. బ్యాలెన్స్ పేమెంట్ ఇంకా రాలేదు, ఆగాను.

అసలు నా తప్పూ లేకపోలేదు. చిన్న సెన్సరు కెమెరా ఎందుకు కొన్నాం? తేలిగ్గా ఉంటుందని. 2017లో వచ్చిన పానసోనిక్ జీహెచ్5 అనే చిన్న సెన్సరు కెమెరా బ్యాటరీతో కలిపి 725 గ్రాములు. మరుసటి ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీ, దాదాపు నాలుగింతల వైశాల్యమున్న సెన్సరుతో, 650. తేలికని కొన్నదానికి ఫుల్ ఫ్రేము లెన్సు తగిలించి, మధ్యలో నిన్ను దూర్చి, ఊగకుండా ఇన్సులేషన్ టేపు చుట్టి, భుజాన వేసుకుని మోస్తున్నాను.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అదే పెళ్ళిలో అరుంధతి చూపించడానికి వధూవరుల్ని బయటికి తీసుకొచ్చారు. వీడియో లైటు అప్పటికే చచ్చింది. పెళ్ళికూతురి నాయనమ్మ చేతిలో పళ్ళెం, అందులో ఒక్క దీపం. ఆ వెలుగులో ఆవిడ ముడతల మొహం, వెనక సీరియల్ బల్బులు కరిగి గుండ్రటి పసుపు చుక్కలుగా. అప్పటికి 35 నొక్కడం గుర్తొచ్చింది, చెయ్యి కూడా కుదిరింది. నాన్న ఆ షాట్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. నీ గురించి ఏమన్నా అంటారేమోనని పక్కనే నిలబడ్డాను.

"నా లెన్సు" అన్నారంతే.

నొచ్చుకోకు. నా పేరు కూడా చెప్పలేదు.

ఇట్లు,
ఒక స్టాపు లాభానికి ఆశపడ్డ
నీ యజమాని

తా.క.: నిన్ను సెకండ్ హ్యాండ్‌కి పెట్టాను, తొమ్మిది వేలకి. ఇప్పటిదాకా ఒక్కడే మెసేజ్ చేశాడు. "అన్నా, దీని ముందు 1.4 టెలికన్వర్టర్ పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు తమ్ముడూ, తప్పకుండా పెట్టుకోవచ్చు అన్నాను. ఆదివారం వస్తానన్నాడు. నీలం బొట్టు సంగతి వాడి ముందు ఎత్తకు.